ధనుర్మాసం చలికి సాంబ్రాణి పర్ఫ్యూమ్: ఏ జిగురు, ఎంత, ఎలా?

గంధపుగిన్నె (తిరుపతి)
డిసెంబర్, జనవరి నెలలకు 50 గ్రాముల స్ప్రే సీసా ఒకటి కలపాలి. అడుగున సాంబ్రాణి, లాబ్డనమ్ (సిస్టస్ పొద జిగురు), కొంచెం బోళం (మిర్ జిగురు), పైన బెర్గమోట్ (నిమ్మజాతి పండు తొక్క నూనె) అనుకుంటున్నా. మూడు సందేహాలు. చలిదేశాల వాళ్లు రాసే ఫార్ములాల్లో ఈ బరువైన జిగుర్లు బాగా ఎక్కువగా ఉంటాయి. ఆ లెక్క మన ఊరి చలికి సరిపోతుందా? పూజసామాన్ల అంగట్లో దొరికే సాంబ్రాణితో టింక్చర్ (ఆల్కహాల్‌లో నానబెట్టి తీసే సారం) తీయొచ్చా, రెసినాయిడే (ద్రావకంతో తీసి అమ్మే జిగురు సారం) కొనాలా? టింక్చర్ వడగట్టినాక కూడా మబ్బుగానే ఉంటే దాన్ని ఎట్లా సరిచేయాలి?

ల్యాబ్_తక్కెడ (చిత్తూరు)
మొదటిదానికి నా జవాబు: సరిపోదు, సగానికి తగ్గించండి.

సాంబ్రాణి, లాబ్డనమ్, వనిల్లిన్ లాంటివి మెల్లగా ఆవిరయ్యే పదార్థాలు. సున్నా డిగ్రీల దగ్గర, పొడిగాలిలో, ఉన్ని కోటు కింద అవి బయటికి రావాలంటే మోతాదు గట్టిగా ఉండాల్సిందే. అక్కడి ఫార్ములాలు అందుకే అంత బరువు. మన దగ్గర తెల్లారుజామున చలి ఉన్నా మధ్యాహ్నానికి ఎండ ఎక్కుతుంది. పైగా ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబర్ దాకా పడతాయి కాబట్టి గాలిలో తేమ ఉంటుంది. వేడి, తేమ కలిస్తే తీపి వాసనలు ముక్కును వదలవు. ఉదయం ఆరింటికి హాయిగా ఉన్నది పన్నెండింటికి బస్సులో తలనొప్పి తెప్పిస్తుంది.

జిగుర్లను రెండు జట్లుగా చూడండి. తీపి జట్టు: సాంబ్రాణి (బెంజోయిన్), టోలు బాల్సమ్, పెరూ బాల్సమ్, స్టైరాక్స్ (లిక్విడాంబర్ చెట్ల జిగురు, దీన్నే స్టోరాక్స్ అని కూడా అంటారు). వీటిలో బెంజోయిక్, సిన్నమిక్ ఆమ్లాలు, వాటి ఎస్టర్లు ఉంటాయి. పొడి జట్టు: ఫ్రాంకిన్సెన్స్, ఎలెమీ, బోళం. వీటిలో టెర్పీన్లు ఎక్కువ. నిమ్మతొక్క, మిరియం, పాత చెక్క లాంటి ఛాయలు వస్తాయి. లాబ్డనమ్ ఈ రెండింటి మధ్య నిలబడుతుంది. తిరుపతిలో వాడేదానికి తీపి జట్టు తగ్గించి పొడి జట్టు పెంచాలి. చలికాలపు పరిమళమంటే తీపిగానే ఉండాలన్న పట్టింపు మనకెందుకు?

జాలారి_చెట్టు (చంద్రగిరి)
రెండో ప్రశ్న నేను తీసుకుంటా. మన అంగళ్లలో సాంబ్రాణి అని అడిగితే వేరే వేరే వస్తువులు చేతికొస్తాయి. అసలు గందరగోళం అక్కడే.

బెంజోయిన్ అంటే స్టైరాక్స్ జాతి చెట్ల జిగురు, పైన రాసిన లిక్విడాంబర్ జిగురు కాదు. సియాం రకం లావోస్, వియత్నాం వైపుది, సుమత్రా రకం ఇండోనేషియాది. సియాం రకంలో వనిల్లా వాసన ముందుకొస్తుంది. సుమత్రాలో సిన్నమిక్ ఆమ్లం వల్ల కొంచెం ఘాటు, కొంచెం దాల్చిన ఛాయ. మీ సీసాకు సియాం మేలు. సుమత్రా చవక, అదీ వాడొచ్చు, కాకపోతే చెక్క పొట్టు ఎక్కువ ఉంటుంది.

పరంగి సాంబ్రాణి పేరుతో వచ్చేది సాధారణంగా బాస్వెల్లియా జాతి జిగురు, అంటే ఫ్రాంకిన్సెన్స్ కుటుంబం. గుగ్గిలం పేరుతో వచ్చేది చాలాసార్లు సాల, జాలారి లాంటి చెట్ల డామర్ (గట్టి జిగురు). ధూపానికి రెండూ మంచివే. ఆల్కహాల్‌లో మాత్రం మూడూ మూడు రకాలుగా నడుస్తాయి. బెంజోయిన్ దాదాపు పూర్తిగా కరుగుతుంది, బెరడు ముక్కలు మాత్రం మిగులుతాయి. బాస్వెల్లియాలో నీళ్లలో కరిగే బంక భాగం ఉంటుంది, అది ఆల్కహాల్‌లో తెల్లగా అడుగున నిలుస్తుంది. అది కల్తీ అనుకోకండి, దాని స్వభావమే అంత. బోళంలో ఈ బంక ఇంకా ఎక్కువ, సగం దాకా మిగిలిపోవచ్చు. డామర్ సగం కరిగి సగం కరగక ద్రావకాన్ని పాలలా చేస్తుంది. పర్ఫ్యూమ్‌లోకి దాన్ని రానీయొద్దు.

కప్పు సాంబ్రాణి, కంప్యూటర్ సాంబ్రాణి అసలు ముట్టుకోవద్దు. వాటిలో బొగ్గుపొడి, రంపపు పొట్టు, పైన పూసిన కృత్రిమ సువాసన ఉంటాయి. టింక్చర్ తీస్తే నల్లటి నీళ్లు వస్తాయి.

పలమనేరు_పచ్చాకు
అంగట్లో నిలబడి ఏది బెంజోయినో తేల్చుకునే దారి ఉందా అన్నా? పొడిగా, పగలగొట్టి అమ్మితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

జాలారి_చెట్టు (చంద్రగిరి)
పొడి కొనొద్దు, గడ్డ కొనండి. గడ్డను విరిస్తే లోపల బాదంపప్పు లాంటి తెల్లని పలుకులు, వాటి చుట్టూ గోధుమ రంగు పదార్థం కనిపిస్తే బెంజోయినే అనుకోవచ్చు. ఇంటికొచ్చాక రెండు పరీక్షలు చేయండి.

నిప్పు మీద చిటికెడు వేయండి. బెంజోయిన్ అయితే ముందు వనిల్లా తీపి, వెంటనే గొంతు పట్టే పొగ. ఆ గొంతు పట్టడం బెంజోయిక్ ఆమ్లం పని. టర్పెంటైన్ వాసనతో నల్లటి మసి లేస్తే అది పైన్ రోజిన్. తర్వాత 1 గ్రాము పొడిని 9 గ్రాముల 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఒక రాత్రి ఉంచండి. తేటగా ఎర్రగోధుమ రంగు వస్తే మంచిది. పాలలా ఉంటే డామర్ కలిసింది. ఒక్క ఆల్కహాల్ పరీక్షనే నమ్మొద్దు, ఎందుకంటే రోజిన్ కూడా తేటగా కరిగిపోతుంది. రెండూ చేస్తేనే తేలుతుంది. గాలికి పాతబడిన రోజిన్ చర్మానికి అలర్జీ తెస్తుంది కాబట్టి ఈ శ్రమ అవసరం.

కపిలతీర్థం_గాలి
మన శేషాచలం కొండల్లోనే కొండ సాంబ్రాణి చెట్టు ఉందికదా. బాస్వెల్లియా ఓవాలిఫోలియోలాటా. దాని జిగురుతో చేస్తే అచ్చంగా మన ఊరి పరిమళం అవుతుంది. ఎవరైనా ప్రయత్నించారా?

జాలారి_చెట్టు (చంద్రగిరి)
దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ఆ చెట్టూ, తంబజాలారీ తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగవు. జిగురు కోసం బెరడు పదే పదే చెక్కితే చెట్టు నీరసించి పురుగు పడుతుంది, విత్తనం తగ్గుతుంది. శేషాచలం 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం, అందులో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది. అడవిలోకి పోయి జిగురు గీకడం నేరం. కొండ సాంబ్రాణి అని బయట ఎవరైనా అమ్మినా ఎక్కడిదో అడగండి, జవాబు సరిగా రాకుంటే వదిలేయండి.

అందుగు నూనె తెచ్చుకోండి. మధ్య భారత అడవుల బాస్వెల్లియా సెర్రాటా నుంచి ఆవిరి పట్టి తీసేది. అరబ్బు రకాల్లో ఆల్ఫా పైనీన్ ముందుంటే దీంట్లో ఆల్ఫా థుజీన్ ముందుంటుంది, కాబట్టి కొంచెం పచ్చిగా, మిరియపు ఘాటుతో ఉంటుంది. మన చలికి అది బాగా నప్పుతుంది. గుగ్గులు విషయంలోనూ ఇదే జాగ్రత్త. రాజస్థాన్, గుజరాత్‌ల కొమ్మిఫోరా వైటియై అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. బోళంతో పని జరుగుతుంది.

ల్యాబ్_తక్కెడ (చిత్తూరు)
టింక్చర్ పద్ధతి రాస్తున్నా. కొలతలన్నీ తూకంలోనే, చుక్కల్లో వద్దు. లాబ్డనమ్ చుక్క, బెర్గమోట్ చుక్క ఒకే బరువు ఉండవు.

సాంబ్రాణి గడ్డల్ని రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. అట్లాగే దంచితే రాపిడి వేడికి మెత్తబడి రోలుకు అతుక్కుంటుంది. చల్లగా ఉన్నప్పుడే దంచి 20 గ్రాములు తూచి, గాజు సీసాలో 80 గ్రాముల 95 శాతం ఆల్కహాల్ పోయండి. మూత బిగించి రోజుకోసారి ఊపండి. రెండు వారాలకు వాడొచ్చు, నెలకు ఇంకా గుండ్రంగా వస్తుంది. ముందు పలుచని నూలుగుడ్డలో, తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టండి. గరాటు మీద పళ్లెం బోర్లించండి, లేకుంటే ఆల్కహాల్ ఎగిరిపోయి గాఢత మారుతుంది.

మిగిలిన పిప్పిని ఆరబెట్టి తూచడం మరవొద్దు. 2 గ్రాములు మిగిలితే కరిగింది 18, మొత్తం ద్రావణం 98, అంటే 18.4 శాతం. సీసా మీద ఆ అంకె రాయండి, 20 అని రాయకండి.

వేడి చేస్తే తొందరగా కరుగుతుందని స్టవ్ దగ్గరికి తీసుకెళ్లొద్దు. 95 శాతం ఆల్కహాల్ ఆవిరి సుమారు 17 డిగ్రీల దగ్గరే నిప్పు అంటుకునే స్థితికి వస్తుంది. మన ఇళ్లలో చలికాలం రాత్రి కూడా గది అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. దీపం వెలిగే గదిలో ఈ పని పెట్టుకోకూడదు.

ఆల్కహాల్ సంగతి: పరిమళాలకని అమ్మే డీనేచర్డ్ (తాగడానికి పనికిరాకుండా చేసిన) ఆల్కహాల్ మాత్రమే తీసుకోండి. మిథనాల్ కలిసిన పారిశ్రామిక స్పిరిట్ చర్మం ద్వారా కూడా హాని చేస్తుంది. శానిటైజర్‌లో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి, జిగురు విరిగిపోతుంది.

గంధపుగిన్నె (తిరుపతి)
మెడికల్ షాపులో దొరికే టింక్చర్ బెంజోయిన్ వాడితే ఈ శ్రమంతా తప్పుతుందేమో?

ల్యాబ్_తక్కెడ (చిత్తూరు)
కాంపౌండ్ అని రాసున్నది వద్దు. దాంట్లో బెంజోయిన్‌తో పాటు స్టోరాక్స్, టోలు, ముసాంబరం కలుస్తాయి. ముసాంబరం చేదు మందు వాసన, ముదురు రంగు రెండూ ఇస్తుంది, చివరి దాకా పోదు.

మబ్బు గురించి. చిన్న సీసాలోకి 1 మిల్లీలీటరు తీసి అంతే 95 శాతం ఆల్కహాల్ కలపండి. తేటబడితే మీ ఆల్కహాల్‌లో నీళ్లు ఎక్కువున్నాయని అర్థం, మొత్తానికి గట్టి ఆల్కహాల్ చేర్చి గాఢత లెక్క మార్చుకుంటే చాలు. తేటబడకుంటే ఇంకో సీసాను గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు ఉంచండి. ఇప్పుడు తేటబడి, చల్లారాక మళ్లీ మబ్బు కడితే అది మైనం. మొత్తాన్ని ఫ్రీజర్‌లో ఒకటి రెండు రోజులు పెట్టి, చల్లగా ఉండగానే వడగట్టండి. గది వేడికి వచ్చేదాకా ఆగితే మైనం తిరిగి కరిగి కాగితం దాటిపోతుంది. రెండు పరీక్షలకూ లొంగకుంటే డామరో బంకో ఉన్నట్టు. దాన్ని ధూపానికి వాడుకోండి, స్ప్రేకి పనికిరాదు.

నగరి_నేత
లాబ్డనమ్ అబ్సల్యూట్ (చిక్కటి సారం) తారులా గట్టిగా ఉంటుంది. స్పూనుకు, సీసా గోడకు పట్టేసి తూకం అందదు. దీన్ని ఎట్లా సముదాయించాలి?

ల్యాబ్_తక్కెడ (చిత్తూరు)
మూత బిగించిన సీసాను 50, 60 డిగ్రీల నీళ్ల గిన్నెలో పావుగంట ఉంచితే తేనెలా జారుతుంది. ఖాళీ సీసాను తక్కెడ మీద పెట్టి సున్నా చేసి నేరుగా దాంట్లోకే వంచండి. ఎంత పడితే అంత, దానికి నాలుగింతలు ఆల్కహాల్ పోస్తే 20 శాతం. పది గ్రాములే పడాలని స్పూనుతో కుస్తీ పట్టాల్సిన పని లేదు. ఆల్కహాల్ పోసేముందు చల్లారనివ్వండి.

నా ఫార్ములా ఇది, గ్రాముల్లో. సియాం బెంజోయిన్ రెసినాయిడ్ 50 శాతం ద్రావణం 1.60, లాబ్డనమ్ 20 శాతం 1.00, వనిల్లిన్ 10 శాతం 1.20, అందుగు నూనె 0.60, బోళం నూనె 10 శాతం 0.40, చందనం నూనె లేదా శాండలోర్ (కృత్రిమ చందనం) 0.80, ఐసో ఈ సూపర్ (చెక్క వాసన కృత్రిమ పదార్థం) 1.50, హెడియోన్ (మల్లె ఛాయ కృత్రిమ పదార్థం) 1.40, ప్యాచౌలి 0.30, ఏలకి నూనె 10 శాతం 0.30, బెర్గప్టీన్ తీసేసిన బెర్గమోట్ 0.90. మొత్తం 10.00.

ఇందులో ద్రావకాలు తీసేస్తే అసలు పదార్థం 6.69 గ్రాములు. 40 గ్రాముల ఆల్కహాల్ చేరిస్తే 50 గ్రాముల సీసాలో 13.4 శాతం. బెంజోయిన్, లాబ్డనమ్ కలిపి 1 గ్రాము, అంటే 2 శాతం. అంతకు మించితే స్ప్రే మూతి మూసుకుపోవడం మొదలవుతుంది.

బోళం, ఏలకి 10 శాతంగా రాసింది తూకం కోసం. 0.01 గ్రాము తక్కెడ మీద 0.03 గ్రాము నమ్మకంగా రాదు. మామూలు బెర్గమోట్ వాడొద్దు. అందులోని బెర్గప్టీన్ ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. మన ఎండ జనవరిలో కూడా ఎండే.

ఇంట్లో తీసిన 18.4 శాతం టింక్చర్ వాడేవాళ్లకు 0.80 గ్రాముల బెంజోయిన్ కోసం 4.35 గ్రాములు కావాలి. పెరిగిన 2.75 గ్రాములు చివరి ఆల్కహాల్‌లో తగ్గించండి, 37.25 సరిపోతుంది.

కపిలతీర్థం_గాలి
వనిల్లిన్ అసలు తీసేస్తే? తీపి తగ్గించమని పైన మీరే రాసినారు.

పలమనేరు_పచ్చాకు
తీసేయకండి. ఇక్కడ వనిల్లిన్ 0.12 గ్రాములే ఉంది, తీపి కోసం పెట్టింది కాదది. అందుగు, బోళం రెండూ ఉన్నచోట మందుల షాపు వాసన తొంగిచూస్తుంది. బోళంలో ఆ చేదు, పుట్టగొడుగు ఛాయ గట్టిగా ఉంటాయి. వనిల్లిన్ ఆ అంచు అరగదీస్తుంది. మీకు తీపి నచ్చకుంటే బోళం కూడా 0.20కి తగ్గించి, తర్వాత వనిల్లిన్ సగం చేయండి. ఒకటి వదిలి ఇంకొకటి ముట్టుకుంటే తూకం చెడుతుంది.

కాణిపాకం_కొబ్బరి
దీన్నే కొబ్బరినూనెలో రోల్ ఆన్‌గా చేయొచ్చా? ఆల్కహాల్ పడనివాళ్లు ఉంటారు.

ల్యాబ్_తక్కెడ (చిత్తూరు)
ఇట్లాగే చేయలేరు. బెంజోయిన్ కొబ్బరినూనెలో, జొజోబాలో సరిగా కరగదు, నాలుగు రోజుల్లో అడుగున జిడ్డుగా దిగుతుంది. చలికి కొబ్బరినూనె గడ్డకట్టడం ఇంకో తలనొప్పి. రెసినాయిడ్‌ను ముందు బెంజైల్ బెంజోయేట్ అనే ద్రావకంలో 50 శాతంగా కరిగించి, దాన్ని చందనం నూనెలో కలపండి. బెంజైల్ బెంజోయేట్ కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది, గాజు సీసా, స్టీలు గుండు వాడండి. కొందరికి దానితోనే అలర్జీ, అది గుర్తుంచుకోండి.

నగరి_నేత
ఎర్రచందనం పొడి వేస్తే చందనం ఖర్చు తగ్గుతుందా? మన జిల్లాల్లోని చెట్టే కదా.

జాలారి_చెట్టు (చంద్రగిరి)
ఎర్రచందనంలో చెప్పుకోదగ్గ సువాసన లేదు. అది టెరోకార్పస్, చందనం శాంటాలమ్, రెండింటికీ చుట్టరికం లేదు. ఎర్రచందనం ఇచ్చేది శాంటాలిన్ రంగు మాత్రమే. సీసా ఎర్రబడుతుంది, బట్ట మీద మరక పడుతుంది. పైగా అది చట్టాల కట్టుదిట్టం ఉన్న చెక్క.

మరకల మాట వచ్చింది కాబట్టి: లాబ్డనమ్, బెంజోయిన్, వనిల్లిన్ మూడూ తెల్లబట్ట మీద పసుపు మరక వదులుతాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కా మీద నేరుగా కొట్టకండి. మెడ కింద చర్మం మీద కొట్టి, ఆరినాక బట్ట వేసుకోండి.

కపిలతీర్థం_గాలి
పచ్చకర్పూరం కొంచెం, పునుగు లాంటి జంతు ఛాయ కొంచెం ఉంటే తిరుపతి గుర్తొస్తుంది. ఏమంటారు?

పలమనేరు_పచ్చాకు
పచ్చకర్పూరం బాగుంటుంది. 10 శాతం ద్రావణం 0.20 గ్రాములు, అంతే మేర ఆల్కహాల్ తగ్గించండి. ముందు పది నిమిషాలు చల్లగా మెరిసి ఎగిరిపోతుంది, ఆ చల్లదనం కింద నుంచి సాంబ్రాణి పైకి రావడం చాలా అందంగా ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో సీసా అందకుండా పెట్టండి, కర్పూరం వాళ్లకు విషం.

పునుగు వద్దే వద్దు. పునుగుపిల్లి రక్షిత జంతువు, స్వామివారి సేవకు వాడే తైలం సంగతి వేరు. బయట తైలం పేరుతో అమ్మేది కొనకూడదు. ప్రయోగశాలలో చేసిన సివెటోన్ (పునుగు వాసన పదార్థం) 1 శాతం ద్రావణం దొరికితే 0.10 గ్రాములు చాలు. అంబర్‌గ్రిస్ (తిమింగలం నుంచి వచ్చే పరిమళ పదార్థం) విషయం కూడా అంతే, మన దేశంలో దాని అమ్మకం చట్టవిరుద్ధం. క్లారీ సేజ్ మొక్క నుంచి వచ్చే స్క్లారియోల్‌తో చేసే ఆంబ్రాక్సాన్ దాని బదులుగా ఉంది.

కాణిపాకం_కొబ్బరి
పెరూ బాల్సమ్ చేర్చే ఆలోచన ఎవరికైనా ఉంటే ఒక మాట. ముడి పెరూ బాల్సమ్‌ను పరిమళాల్లో వాడకూడదని ఇఫ్రా (అంతర్జాతీయ పరిమళ పరిశ్రమ సంఘం) నియమం. ముడి స్టైరాక్స్ (లిక్విడాంబర్) జిగురుకూ అదే నియమం, బెంజోయిన్‌కు కాదు. శుద్ధిచేసిన రకాలకు పరిమితులున్నాయి. పెరూ బాల్సమ్ పడనివాళ్లకు సాంబ్రాణి, టోలు కూడా పడకపోవచ్చు. సీసా సిద్ధమయ్యాక ముంజేతి లోపలివైపు కొంచెం రాసి 48 గంటలు చూడండి. దురద, ఎర్రదనం వస్తే బెంజోయిన్ తీసేసి మళ్లీ కలపాల్సిందే, తక్కువ వేస్తే సరిపోతుందనుకోవద్దు.

గంధపుగిన్నె (తిరుపతి)
కలిపే వరుస, నిలవ పెట్టే కాలం, స్ప్రే మూతి గురించి కూడా రాయండి. కొండమీదికి వెళ్లే రోజులకు మోతాదు మార్చాలా?

ల్యాబ్_తక్కెడ (చిత్తూరు)
బరువైనవి ముందు. బెంజోయిన్, లాబ్డనమ్, వనిల్లిన్ కలిపి గాజుకడ్డీతో తిప్పి, చందనం, ప్యాచౌలి, ఐసో ఈ, హెడియోన్ వేయండి. తర్వాత బోళం, అందుగు, ఏలకి. బెర్గమోట్ ఆఖరున. మూతపెట్టి వారం చీకట్లో ఉంచి, అప్పుడు ఆల్కహాల్ చేర్చండి. ఇంకో నాలుగు వారాలు ఆగాలి. మొదటి వారంలో ఆల్కహాల్ ఘాటు, బోళం చేదు విడివిడిగా తెలుస్తాయి, అప్పుడే తీర్పు చెప్పి ఫార్ములా మార్చకండి. ఆ తర్వాత ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా వడగట్టి సీసాలో పోయండి. రంగు నెలనెలా ముదురుతుంది, వనిల్లిన్ ఉన్నచోట అది సహజం. ఇనుప గరాటు తగిలితే మాత్రం రంగు పాడవుతుంది. నీళ్లు చేర్చాలనిపిస్తే ఒక్క గ్రాముతో ఆగండి, దాటితే జిగురు విరుగుతుంది.

స్ప్రే మూతి మూసుకుపోతే సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదై చుక్కలు కారుతాయి. మూతిని ఊడదీసి ఉత్త ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఆల్కహాల్ నింపిన సీసాకు బిగించి పదిసార్లు నొక్కండి. వాడకుండా వారాలు వదిలేసే సీసాకు ఇది ముందే చేసి పెట్టుకుంటే ఇబ్బంది రాదు.

తిరుమల ఎత్తు 850 మీటర్ల పైమాటే, కింద కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటుంది. అక్కడికి, హార్స్‌లీ కొండలకు లాబ్డనమ్ ద్రావణం 1.50, ఐసో ఈ 1.00 చేయండి, మొత్తం మారదు. బెంజోయిన్ పెంచొద్దు, సాయంత్రం కిందికి దిగాక అదే బరువవుతుంది. రెండు సీసాలూ కలిపితే కాగితం పట్టీ మీద తెల్లారుజామున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి పక్కపక్కన వాసన చూడండి. మధ్యాహ్నం కూడా అందుగు విడిగా తెలుస్తుంటే తూకం కుదిరినట్టే. సాంబ్రాణి ఒక్కటే తెలిస్తే 1.60ని 1.20కి దించి, ఆ 0.40 హెడియోన్‌కు ఇవ్వండి.